నేలలో బొగ్గు నీడ: హ్యూమస్ భావనకు రూపమిచ్చిన తొలి బొగ్గు రసాయనం

ఆకు, వేరు, పేడ, చచ్చిన పురుగు మట్టిలో కలిసి, చివికి, తమ తమ రూపాలను పోగొట్టుకున్న తర్వాత మిగిలే ముదురురంగు పదార్థానికి శాస్త్రజ్ఞులు హ్యూమస్ అని పేరు పెట్టారు. లాటిన్ భాషలో ఆ మాటకు నేల అనే అర్థం. ఈ హ్యూమస్‌ను హ్యూమిక్ ఆమ్లం, ఫల్విక్ ఆమ్లం, హ్యూమిన్ అనే మూడు భాగాలుగా విడదీసి చెప్పడం వ్యవసాయ పాఠ్యపుస్తకాల్లో ఎంతగా స్థిరపడిందంటే, ఆ మూడూ మట్టిలో నిజంగానే వేరువేరుగా ఉంటాయని విద్యార్థులే కాదు, బోధించేవారు కూడా సహజంగా అనుకుంటారు. అయితే ఈ విభజనకు ఆధారమైన పరీక్ష పంటపొలంలో పుట్టలేదు. చలిదేశాల ప్రజలు పొయ్యిలో పెట్టుకునే పీట్ మీదా, ఆ తర్వాత బొగ్గు మీదా జరిగిన పరిశోధనల్లో అది రూపుదిద్దుకుని, అక్కడి నుంచి మట్టిలోకి వచ్చింది. వస్తూ వస్తూ బొగ్గును గురించిన కొన్ని నమ్మకాలను కూడా వెంట తెచ్చుకుంది. ఆ నమ్మకాల్లో ఏవి నేలకు పొసగాయి, ఏవి పొసగలేదు అన్నదే ఈ ప్రసంగంలోని విషయం.

పీట్ అంటే నీరు ఎప్పుడూ నిలిచి ఉండే చిత్తడి నేలల్లో నాచు, రెల్లు వంటి మొక్కలు పొరలుపొరలుగా పడి, గాలి తగలక పూర్తిగా కుళ్లలేక, వేల ఏళ్లపాటు పేరుకుని తయారయ్యే గోధుమరంగు పదార్థం. దాన్ని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, వంటచెరకుకు బదులుగా కాల్చడం ఉత్తర ఐరోపాలో పాత అలవాటు. 18వ శతాబ్దంలో అడవులు తరిగి కట్టె కరువవుతూ వచ్చినకొద్దీ ఈ ఇంధనంలో ఏముందో తెలుసుకోవలసిన అవసరం పెరిగింది. తర్వాతి కాలంలో బీట్ దుంప నుంచి పంచదార తీసే పరిశ్రమకు ఆద్యుడిగా ప్రసిద్ధికెక్కిన ఫ్రాంజ్ కార్ల్ అషార్డ్ బెర్లిన్‌లో 1786లో పీట్‌ను క్షారంతో కలిపి చూశాడు. క్షారం అంటే బూడిద నీటిలో ఉండే, చేతికి జారుడుగా తగిలే గుణం గల పదార్థం. పీట్‌లో కొంత భాగం ఆ క్షారంలో కరిగి నల్లటి ద్రావణమైంది. ఆ ద్రావణంలో గంధకికామ్లం పోయగానే నల్లటి మడ్డి అడుగుకు దిగింది. పీట్ పొరల్లో లోతుకు పోయి, బాగా చివికిన భాగాన్ని తీసుకుంటే ఈ మడ్డి మరింత ఎక్కువగా వస్తుందని కూడా అతడు గమనించాడు. నేటికీ ప్రయోగశాలల్లో హ్యూమిక్ ఆమ్లాన్ని వేరుచేసే పద్ధతికి మూలం ఇదే.

ఈ పద్ధతిలోని కీలకం స్పష్టంగా తెలిస్తే గాని తర్వాతి కథ అర్థం కాదు. చివికిన వృక్షపదార్థంలోని అణువుల అంచులకు ఆమ్లగుణం గల చిన్న చిన్న సమూహాలు అతుక్కుని ఉంటాయి. క్షారం తగిలినప్పుడు అవి హైడ్రోజన్‌ను వదిలి విద్యుదావేశం పొందుతాయి, ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, నీటిలోకి వచ్చేస్తాయి. మళ్లీ ఆమ్లం పోస్తే హైడ్రోజన్ తిరిగి చేరి, ఆవేశం పోయి, అవి గుంపుకట్టి అడుగుకు దిగుతాయి. ఇలా క్షారంలో కరిగి ఆమ్లంలో దిగిపోయేదానికి హ్యూమిక్ ఆమ్లమనీ, రెండింటిలోనూ కరిగి ఉండేదానికి ఫల్విక్ ఆమ్లమనీ, దేనిలోనూ కరగనిదానికి హ్యూమిన్ అనీ పేర్లు స్థిరపడ్డాయి. అంటే ఈ పేర్లు ఆ పదార్థం ఏమిటో చెప్పవు, రెండు సీసాల్లో అది ఎలా ప్రవర్తించిందో మాత్రమే చెబుతాయి. కూలీని అతడు ఎక్కిన బస్సును బట్టి పిలిచినట్టు ఉండే ఈ పేర్లకు, వాటిలో లేని అర్థం క్రమంగా ఎలా పట్టిందో గమనించవలసి ఉంది.

అషార్డ్ తర్వాత సుమారు ఇరవై ఏళ్లకు వేరే దారిలో మరో పేరు వచ్చింది. వోక్లాన్, క్లాప్రోత్ వంటి రసాయనవేత్తలు ఎల్మ్ అనే ఐరోపా చెట్టు మాను నుంచి కారి గడ్డకట్టిన నల్లటి పదార్థాన్ని పరీక్షించారు. ఎల్మ్‌కు లాటిన్ పేరు ఉల్మస్ కాబట్టి స్కాట్లండ్ రసాయనవేత్త థామస్ థామ్సన్ 1807లో దానికి ఉల్మిన్ అని పేరుపెట్టాడు. తెలుగు ప్రాంతాల్లో విస్తారంగా కనిపించే నెమలినార చెట్టు కూడా ఈ ఎల్మ్ కుటుంబానిదే. చెట్టు గాయం నుంచి కారిన జిగురు, బురదలో చివికిన నాచు, పొలంలోని నల్లమట్టి, ఈ మూడూ క్షారంలో ఒకేలా కరిగి ఒకేలా నల్లగా కనిపించేసరికి, మూడింటిలోనూ ఉన్నది ఒకే పదార్థమన్న అభిప్రాయానికి బలం వచ్చింది. 1822లో జర్మన్ రసాయనవేత్త డోబెరైనర్ దాన్ని హ్యూమస్ ఆమ్లం అన్నాడు.

ఈ విషయాన్ని నిజమైన మట్టి మీద ఓపికగా పరిశీలించిన తొలి వ్యక్తిగా కార్ల్ స్ప్రెంగెల్‌ను చెప్పుకోవాలి. 1826లో ప్రచురించిన పరిశోధనలో ఈయన హ్యూమిక్ ఆమ్లాన్ని శుద్ధిచేసే క్రమాన్ని వివరించి, సున్నం, పొటాష్ వంటి వాటితో అది ఏర్పరచే లవణాలను పరిశీలించి, అందులో కర్బనం సుమారు 58 శాతమని లెక్కగట్టాడు. ఈ ఒక్క అంకె చరిత్ర ఎంతో ఆలోచింపజేస్తుంది. హ్యూమస్‌లో 58 శాతం కర్బనమే అయితే, మట్టిలో కొలిచిన కర్బనాన్ని 1.724తో హెచ్చిస్తే మొత్తం జీవాంశం ఎంతో తేలుతుందన్న సూత్రం ఆ శతాబ్దంలోనే వాడుకలోకి వచ్చి, డచ్ శాస్త్రజ్ఞుడు వాన్ బెమ్మెలెన్ పేరుతో స్థిరపడింది. ఇప్పటికీ భూసార పరీక్షా కేంద్రాల్లో డైక్రోమేట్ ద్రావణంతో సేంద్రియ కర్బనాన్ని నిర్ణయించి, జీవాంశంగా మార్చి చెప్పవలసి వచ్చినప్పుడు వాడే గుణకం ఇదే. మట్టిలోని జీవాంశమంతా క్షారంలో కరిగే ఆ నల్లటి భాగంలాగే ఉంటుందన్న ఊహ మీద అది నిలబడి ఉంది. తర్వాతి కొలతలు చాలా నేలలకు 2కు దగ్గరగా ఉండే గుణకమే సరిపోతుందని చూపినా పాత అంకె చెక్కుచెదరలేదు. శాస్త్రంలో ఒక అంకె తన కారణాన్ని మరిచిపోయి బతకడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

స్ప్రెంగెల్ తర్వాత స్వీడన్‌కు చెందిన బెర్జీలియస్ పోర్లా అనే ఊరి ఇనుపనీటి ఊట నుంచి లేత పసుపు ఆమ్లాలను వేరుచేసి, ఊటకు గ్రీకు మాట అయిన క్రీనే నుంచి వాటికి క్రెనిక్, అపోక్రెనిక్ అని పేర్లు పెట్టాడు. ప్రోటీన్ అనే మాటను శాస్త్రంలో తొలిసారి ప్రచురించిన డచ్ రసాయనవేత్త ముల్డర్ ఈ పదార్థాలన్నిటినీ ఒక పట్టికలోకి తెచ్చి, ఒక్కొక్కదానికీ ఉప్పుకో పంచదారకో రాసినట్టు నిర్దిష్ట రసాయన సూత్రం రాశాడు. పంచదారను ఆమ్లంతో మరిగించినప్పుడు వచ్చే నల్లటి మడ్డిని కూడా ఆయన ఈ కుటుంబంలోనే చేర్చాడు. ఒక తూనికతో, ఒక మంటతో ఇంత పని చేసినవారి శ్రద్ధను తక్కువ చేయడానికి వీల్లేదు. వారు వేసుకున్న ప్రశ్నలోనే ఇబ్బంది ఉంది. ప్రతి మడ్డికీ ఒక సూత్రం ఉండి తీరాలన్న పట్టుదల వల్ల, అసలు అది ఒకే పదార్థమా అన్న సందేహం వెనకబడిపోయింది.

ఇంతలో బొగ్గు పుట్టుక మీద చర్చ ఊపందుకుంది. తెలుగులో పూర్వం రాక్షసిబొగ్గు అనిపించుకున్న నేలబొగ్గు మొక్కల నుంచి వచ్చిందా, ఖనిజంగా పుట్టిందా అన్న వివాదంలో, 1778లోనే ఫ్రాంజ్ ఫాన్ బెరోల్డింగెన్ పీట్ క్రమంగా గోధుమబొగ్గుగానూ, గోధుమబొగ్గు నల్లబొగ్గుగానూ మారుతుందని ప్రతిపాదించాడు. గోధుమబొగ్గు అంటే నేడు లిగ్నైట్ అని పిలిచేది. 1837లో ఫ్రెంచి రసాయనవేత్త విక్టర్ రెన్యో అనేక రకాల బొగ్గుల్లోని కర్బనం, హైడ్రోజన్, ఆక్సిజన్ పాళ్లను జాగ్రత్తగా కొలిచిన తర్వాత ఆ ప్రతిపాదనకు అంకెల బలం చేకూరింది. కట్టెలో కర్బనం సుమారు 50 శాతం, పీట్‌లో 60కి కొంచెం అటూ ఇటూ, లిగ్నైట్‌లో 70 ప్రాంతం, నల్లబొగ్గులో 80 నుంచి 90, ఆంత్రసైట్ అనే గట్టిబొగ్గులో అంతకు మించి. వీటిని వరుసగా పేరిస్తే ఒక మెట్లదారి కనిపిస్తుంది. పైకి పోయినకొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది, కర్బనం పెరుగుతుంది, రంగు ముదురుతుంది, పదార్థం మరింత మొండిగా తయారవుతుంది. 58 శాతం కర్బనం గల హ్యూమిక్ ఆమ్లానికి ఆ మెట్లలో కట్టెకూ లిగ్నైట్‌కూ నడుమ సిద్ధంగా ఒక చోటు దొరికింది.

మట్టి గురించిన ఆలోచనల మీద అన్నిటికన్నా లోతైన ముద్ర వేసింది ఈ మెట్లదారే. దాని ప్రకారం హ్యూమస్ అంటే ఇంకా పండని బొగ్గు. మొక్క కుళ్లగా మిగిలినది రానురాను మరింత నల్లబడుతుంది, దాని అణువులు పెద్దవవుతాయి, బెంజీన్ వలయాలు, అంటే ఆరు కర్బన పరమాణువులు చేయీచేయీ పట్టుకుని నిలిచే స్థిరమైన ఉంగరాలు, అందులో ఎక్కువవుతాయి. అందుకే సూక్ష్మజీవులు దాన్ని తినలేవు, అందుకే అది నేలలో నిలుస్తుంది. ఈ క్రమానికి హ్యూమిఫికేషన్ అని పేరు పెట్టి నేల శాస్త్రం దాన్ని తన మూలస్తంభంగా స్వీకరించింది. నల్లదనానికీ నిలకడకూ సంబంధం ఉందన్న ఈ నమ్మకాన్ని తెలుగు నేలలే తేలిగ్గా ప్రశ్నించగలవు. నల్లరేగడి మట్టి కాటుకలా కనిపించినా అందులో సేంద్రియ కర్బనం తరచు ఒక శాతానికి లోపే. బంకమన్నుతో గట్టిగా పెనవేసుకున్న కొద్దిపాటి జీవాంశమే ఆ రంగుకు చాలా వరకు కారణం.

20వ శతాబ్దం తొలి భాగంలో బొగ్గు పరిశోధనకు పరిశ్రమల అండ దొరికింది. జర్మనీలో రూర్ నది ఒడ్డున ఉన్న ముల్‌హైమ్‌లో 1912లో బొగ్గు కోసమే కైజర్ విల్‌హెల్మ్ సంస్థ ఏర్పడగా, ఫ్రాంజ్ ఫిషర్ దానికి సంచాలకుడయ్యాడు. బొగ్గు మొక్కలోని ఏ భాగం నుంచి వచ్చిందన్నది అప్పటి పెద్ద వివాదం. మొక్క గోడల్లో ప్రధానంగా రెండు వస్తువులుంటాయి: దారాల్లా సాగే సెల్యులోజ్, ఆ దారాలను కాంక్రీటులా పట్టి ఉంచే లిగ్నిన్. ఫ్రీడ్రిష్ బెర్గియస్ సెల్యులోజ్‌ను నీటితో కలిపి అధిక వేడిలో, అధిక పీడనంలో ఉంచి బొగ్గు వంటి పదార్థాన్ని రాబట్టి, సెల్యులోజే బొగ్గుకు తల్లి అన్న వాదానికి ఊతమిచ్చాడు. ఫిషర్, అతడి సహచరుడు హాన్స్ ష్రాడర్ 1921లో దీనికి ఎదురు నిలిచారు. సెల్యులోజ్‌ను సూక్ష్మజీవులు ముందుగా తినేస్తాయి, వలయాలతో నిండిన లిగ్నిన్ మిగులుతుంది, అదే హ్యూమిక్ ఆమ్లాలుగా మారి చివరికి బొగ్గవుతుంది అన్నారు. లిగ్నిన్‌కు గుర్తుగా నిలిచే మిథాక్సిల్ సమూహాలు కట్టె నుంచి పీట్‌కు, పీట్ నుంచి లిగ్నైట్‌కు తగ్గుతూ పోవడాన్ని వారు ఆధారంగా చూపారు.

వీరికి కాస్త ముందే పారిస్‌లో లూయీ కామీ మెయార్ ఇంకో దారి చూపాడు. చక్కెరను ప్రోటీన్ల ఇటుకలైన అమైనో ఆమ్లాలతో కలిపి వేడిచేస్తే గోధుమరంగు పదార్థం వస్తుందని 1912లో ఈయన ప్రకటించిన చర్యకు నేడు ఆయన పేరే ఉంది. రొట్టె కాలుతున్నప్పుడు ఎర్రబారే రంగుకూ, ఆ వాసనకూ కారణం అదే. వంటశాస్త్రం ఆయన్ను తన మనిషిగా చెప్పుకుంటుంది గాని, ఆయన అదే ఏడాది ఫ్రెంచి అకాడమీకి సమర్పించిన ఒక పత్రంలో గాలిలోని ఆక్సిజన్, సూక్ష్మజీవులు, తీవ్రమైన వేడి, పీడనం ఏవీ లేకుండానే హ్యూమస్, బొగ్గు ఏర్పడగలవన్న వాదాన్ని ముందుకు తెచ్చాడు. అంటే రొట్టె మీది రంగును వివరించిన చర్య వెనక కూడా నేలా బొగ్గూ ఒకే ప్రశ్నగా ఉన్నాయి.

ఈ వాదాలు మట్టి శాస్త్రంలోకి నేరుగా ప్రవహించాయి. స్వీడన్‌కు చెందిన స్వెన్ ఓడెన్ 1919లో హ్యూమిక్ ఆమ్లాల మీద వెలువరించిన గ్రంథంలో పసుపురంగుకు లాటిన్ మాట ఆధారంగా ఫల్విక్ ఆమ్లం అనే పేరును స్థిరపరచాడు. క్షారంలో కరగని భాగానికి ఆయన వాడిన పేరు హ్యూమస్ బొగ్గు. అమెరికాలోని రట్గర్స్‌లో, తర్వాత స్ట్రెప్టోమైసిన్ పరిశోధనకు 1952లో నోబెల్ బహుమతి పొందిన సెల్మన్ వాక్స్‌మన్, భారతీయ సహచరుడు అయ్యర్‌తో కలిసి 1932లో లిగ్నిన్, సూక్ష్మజీవుల ప్రోటీన్‌తో కలిసిపోయి హ్యూమస్‌కు గుండెకాయ అవుతుందని ప్రతిపాదించాడు. ముల్‌హైమ్‌లో బొగ్గు కోసం చెప్పిన మాటే ఇక్కడ ప్రోటీన్ చేరికతో నేల మాట అయింది. వాక్స్‌మన్ గొప్పదనం ఏమిటంటే, 1936లో వచ్చిన తన హ్యూమస్ గ్రంథంలో హ్యూమిక్ ఆమ్లం, ఉల్మిన్, క్రెనిక్ ఆమ్లం వంటి పేర్లు రసాయనికంగా దేన్నీ సూచించవనీ, వాటిని వదిలేయడం మంచిదనీ గట్టిగా వాదించాడు. ఆ సలహాను శాస్త్రలోకం పెడచెవిన పెట్టింది. పేర్లు నిలిచాయి, వాటికి పొడవైన నిర్మాణ చిత్రాలు కూడా తోడయ్యాయి. 1931లో బొగ్గు రసాయనం మీద పుస్తకం రాసిన వాల్టర్ ఫుక్స్ గీసిన హ్యూమిక్ ఆమ్లం బొమ్మలో వలయాలు తేనెపట్టు గదుల్లా అంటుకుని ఉంటాయి. బొగ్గును దృష్టిలో పెట్టుకుని గీసిన ఆ బొమ్మ, నేల హ్యూమస్ గ్రంథాల్లో కూడా చోటు సంపాదించుకుంది.

ఈ దారిలో నేల శాస్త్రానికి దక్కిన అసలైన లాభం కూడా ఒకటుంది. డచ్ ప్రభుత్వ గనుల సంస్థలో పనిచేసిన వాన్ క్రెవెలెన్ 1950లో హైడ్రోజన్‌కూ కర్బనానికీ గల నిష్పత్తిని నిలువునా, ఆక్సిజన్‌కూ కర్బనానికీ గల నిష్పత్తిని అడ్డంగా పెట్టి బొగ్గులకు ఒక పటం గీశాడు. నీరు పోతే బిందువు ఏ దిక్కుకు జరుగుతుందో, కార్బన్ డయాక్సైడ్ పోతే ఏ దిక్కుకు జరుగుతుందో ఆ పటం మీద సూటిగా కనిపిస్తుంది. నేడు మట్టినీటిలోని వేలాది అణువులను తూచే యంత్రాల ఫలితాలను పేర్చుకోవడానికి ఇదే పటం వాడుకలో ఉంది. అయితే పటం మీద ఇరుగుపొరుగున ఉన్న రెండు బిందువులు ఒకే దారిలో అక్కడికి చేరాయని చెప్పే శక్తి దానికి లేదు.

చిత్తడిలో జరిగేదీ, చేలో జరిగేదీ ఒకటి కాదు. బురదలో గాలి లేదు, ఆమ్లత ఎక్కువ, మట్టి రేణువులు తక్కువ. అక్కడ వృక్షపదార్థం తిననివ్వని పరిస్థితి వల్ల నిలుస్తుంది. చేలో గాలి ఉంది, వానపాము ఉంది, శిలీంధ్రం ఉంది, గ్రాము మట్టిలో కోట్ల సంఖ్యలో సూక్ష్మజీవులున్నాయి. తగినంత సమయం దొరికితే అవి లిగ్నిన్‌ను కూడా వదలవు. అయినా అక్కడ కర్బనం వందల ఏళ్లు నిలవడానికి ప్రధాన కారణం అది బంకమన్ను పలకలకూ, ఇనుపతుప్పు వంటి ఖనిజాల ఉపరితలాలకూ అంటుకుపోవడం, మట్టిగడ్డల లోపలి సందుల్లో చిక్కుకుని సూక్ష్మజీవులకు అందకుండా పోవడం. ఆ అంటుకున్న పదార్థంలో పెద్ద భాగం చచ్చిన సూక్ష్మజీవుల ఒంటి నుంచి వచ్చినదే. మొండితనం అణువు లోపల లేదు, అది ఉన్న చోటులో ఉంది. బొగ్గు గనిలో ఖనిజం బూడిదగా, మలినంగా లెక్కకు వస్తుంది; మట్టిలో దాన్ని మలినంగా చూసి కడిగేయడంతో అసలు సమాధానమే సీసా బయట పారబోసినట్టయింది.

క్షారం విషయంలో మరో చిక్కు ఉంది. అంత గాఢమైన క్షారం మట్టిలో ఎక్కడా సహజంగా ఉండదు. అది బంధాలను తెంపగలదు, గాలి తగిలితే కొత్త రంగునూ పుట్టించగలదు. అప్పుడే కోసిన గడ్డిని ఆ క్షారంలో నానబెట్టినా గోధుమరంగు ద్రావణమే వస్తుంది. 20వ శతాబ్దం చివర మట్టిని ఏ ద్రావణంలోనూ కరిగించకుండానే అయస్కాంత క్షేత్రంలో ఉంచి కర్బన పరమాణువుల స్థితిని గుర్తించే అనునాద పద్ధతి వచ్చాక, అందులో చక్కెరలకూ, కొవ్వులకూ, ప్రోటీన్లకూ చెందిన గుర్తులు విస్తారంగా కనిపించాయి. పాఠ్యపుస్తకాల్లోని తేనెపట్టు మహాణువు కనిపించలేదు. 2015లో యోహానెస్ లేమాన్, మార్కస్ క్లేబర్ నేచర్ పత్రికలో రాసిన వ్యాసంలో హ్యూమిఫికేషన్ భావననే పక్కన పెట్టి, మొక్క ముక్క నుంచి కార్బన్ డయాక్సైడ్ వరకు నిరంతరం చిన్నబడుతూ, మధ్యలో ఖనిజాలకు చిక్కుకుంటూ సాగే ప్రవాహంగా జీవాంశాన్ని చూడమన్నారు. క్షార పద్ధతి ఇంకా ఉపయోగకరమేనని వాదించే నేల శాస్త్రజ్ఞులూ ఉన్నారు. లోహాలను, పురుగుమందులను పట్టి ఉంచే భాగాన్ని అర్థం చేసుకోవడానికి అది పనికొస్తుందన్న వారి మాటను తోసిపుచ్చలేం. అయినా మెట్లదారి తలకిందులైంది: బొగ్గు వైపు పైకి ఎక్కుతున్నదనుకున్నది నిజానికి చాలావరకు కిందికి దిగుతున్నది.

చాలావరకు అనవలసి వచ్చింది, ఎందుకంటే నేలలో నిజంగా బొగ్గు కూడా ఉంటుంది. అది భూగర్భంలో పండిన బొగ్గు కాదు, అడవి, గడ్డిమైదానం, పోడు తగలబడినప్పుడు మిగిలే కట్టెబొగ్గు. 1995లో జర్మనీలోని బైరాయిత్ పరిశోధకులు హౌమాయర్, జెక్, వలయాలు మరీ ఎక్కువగా ఉండే హ్యూమిక్ ఆమ్లాలకు ఈ మసిబొగ్గే మూలం కావచ్చన్నారు. దాన్ని మట్టిలో కొలవడానికి దొరికిన సాధనం కూడా పాత బొగ్గు రసాయనం నుంచే వచ్చింది. 1799లో క్లాప్రోత్ లిగ్నైట్ గనిలో దొరికే పసుపురంగు తేనెరాయిని పరీక్షించి మెల్లిటిక్ ఆమ్లాన్ని కనుగొన్నాడు. అది ఆరు మూలలా ఆమ్ల సమూహాలున్న బెంజీన్ వలయమని తర్వాత తేలింది. లండన్‌లో విలియం బోన్ బృందం బొగ్గును పర్మాంగనేట్‌తో ఆక్సీకరించి ఇదే కుటుంబపు ఆమ్లాలను రాబట్టింది. మట్టిని వేడి నత్రికామ్లంలో ఆక్సీకరించి ఆ ఆమ్లాలను కొలిస్తే, అందులో నిప్పు మిగిల్చిన కర్బనం ఎంతో అంచనా వేయవచ్చునని 1998లో బైరాయిత్‌లోనే గ్లాజర్ బృందం చూపింది. అమెజాన్ అడవుల్లో పూర్వ ప్రజలు రూపొందించిన సారవంతమైన నల్లనేలల రహస్యంలో కట్టెబొగ్గు పాత్ర ఈ కొలత వల్ల మరింత స్పష్టమైంది.

1981లో ఏర్పడిన అంతర్జాతీయ హ్యూమిక్ పదార్థాల సంఘం పరిశోధకుల కోసం ఉంచే ప్రామాణిక నమూనాల్లో ఇల్లినాయ్ మట్టి, ఫ్లోరిడా పీట్, సువానీ నది నీరు, నార్త్ డకోటా లియొనార్డైట్ పక్కపక్కనే ఉంటాయి. లియొనార్డైట్ అంటే నేలపొరల పైభాగంలో గాలి తగిలి ఆక్సీకరణం చెందిన లిగ్నైట్. ఆ రాష్ట్ర భూగర్భ శాస్త్రజ్ఞుడు లియొనార్డ్ పేరు దానికి వచ్చింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎరువుల దుకాణాల్లో హ్యూమిక్ యాసిడ్ పేరుతో రైతులు కొనే నల్లటి గుళికలు, పొడి, ద్రవాల్లో చాలావాటికి ముడిసరుకు ఇటువంటి లిగ్నైటే; క్షారంలో కరిగించడం అనే పద్ధతి అషార్డ్ నాటిదే. ఆ పేరు విని అది నేలలోని జీవాంశానికి బదులు నిలుస్తుందనుకునే రైతు ఒక చిన్న లెక్క చూడాలి. ఎకరం పొలంలో పైన 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 9 లక్షల కిలోలు తూగుతుంది. అందులో సేంద్రియ కర్బనం అర శాతమే అనుకున్నా నాలుగున్నర వేల కిలోలు. ఎకరానికి కొద్ది కిలోలు చల్లే పొడి ఆ నిల్వను కదల్చలేదు. వేరు పెరుగుదలను ప్రేరేపించడం వంటి ప్రభావం ఏదైనా ఉంటే ఉండవచ్చు. 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వును సవరించినప్పుడు భారత ప్రభుత్వం హ్యూమిక్, ఫల్విక్ ఆమ్లాలను సేంద్రియ ఎరువుల వరుసలో కాకుండా, పైరును ప్రేరేపించే జీవోత్ప్రేరకాలనే కొత్త తరగతిలో చేర్చింది.